లిండా వాక్నర్

లిండా జాయ్ వాక్నర్ (జననం: 1946, న్యూయార్క్) అమెరికా దుస్తుల పరిశ్రమలో పేరు మోసిన ఎగ్జిక్యూటివ్. 1986 నుంచి 2001 వరకు వార్నకో గ్రూపును నడిపారు. సొంతంగా కొన్న బ్రాండు, లైసెన్సు మీద తెచ్చుకున్న బ్రాండు రెండూ ఆమె చేతిలో ఉండేవి. ఆ రెంటికీ ఉన్న తేడా చివరికి కోర్టు దాకా వెళ్లింది.

చిన్నతనంలో వెన్నెముక వంపు వల్ల 11వ ఏట శస్త్రచికిత్స జరిగింది, చాలాకాలం ప్లాస్టర్ కట్టులోనే గడిపారు. 1966లో బఫెలో విశ్వవిద్యాలయంలో పట్టా పొందాక హ్యూస్టన్‌లోని ఫోలీస్, న్యూయార్క్‌లోని మేసీస్ డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పనిచేశారు. మేసీస్‌లో బ్రాలు, గర్డిళ్ల కొనుగోళ్లు చూసేవారు.

1970ల మధ్యలో వార్నర్స్‌కు ఉపాధ్యక్షురాలయ్యారు. 1874లో ఇద్దరు వైద్య సోదరులు పెట్టిన ఈ కార్సెట్ కంపెనీలో ఆ హోదా పొందిన తొలి మహిళ ఆమే. అప్పట్లో బ్రాలు డబ్బాల్లో, కౌంటరు వెనక సొరుగుల్లో ఉండేవి. కావాలంటే అమ్మే మనిషిని అడగాలి. వాక్నర్ వాటిని హ్యాంగర్లకు తగిలించి బయట పెట్టించారు. చూసి, తాకి ఎంచుకునే వీలు రావడంతో అమ్మకాలు పెరిగాయి.

తర్వాత సౌందర్య సాధనాల సంస్థ మాక్స్ ఫాక్టర్ అమెరికా విభాగాన్ని నష్టాల నుంచి గట్టెక్కించారు కానీ, దాన్ని కొనాలన్న ప్రయత్నం ఫలించలేదు. 1986లో పెట్టుబడిదారు ఆండ్రూ గాలెఫ్‌తో కలిసి, వార్నర్స్ మాతృసంస్థ వార్నకోను యాజమాన్యం వద్దంటున్నా దాదాపు 50 కోట్ల డాలర్లకు చేజిక్కించుకున్నారు. అందులో ఎక్కువ భాగం అప్పే. 1991లో కంపెనీ షేర్లు మళ్లీ మార్కెట్‌కు వచ్చాయి. పెద్ద కంపెనీలకు మహిళలు సారథ్యం వహించడం అరుదైన ఆ రోజుల్లో, ‘ఫార్చ్యూన్’ పత్రిక 1992లో ఆమెను అమెరికాలో అత్యంత విజయవంతమైన వ్యాపార మహిళగా పేర్కొంది. మరుసటి ఏడు అదే పత్రిక అత్యంత కఠినమైన బాసుల జాబితాలోనూ చేర్చింది! సిబ్బంది చేతుల్లో అట్ట మీద ‘ఇప్పుడే చెయ్యి’ అని రాసిన స్పైరల్ నోట్‌బుక్కులు ఉండాల్సిందే.

ఫ్యాషన్ డిజైనర్ కాల్విన్ క్లైన్‌తో సంబంధం 1994లో మొదలైంది. ఆ ఏడాది వార్నకో, కాల్విన్ క్లైన్ లోదుస్తుల వ్యాపారాన్ని ట్రేడ్‌మార్కుతో సహా కొనేసింది. 1997లో డిజైనర్ హోల్డింగ్స్ అనే కంపెనీని కొన్నప్పుడు దక్కింది మాత్రం కాల్విన్ క్లైన్ జీన్స్ లైసెన్సు. లైసెన్సు అంటే అద్దె ఇల్లు లాంటిది: అమ్మకాల మీద రాయల్టీ కట్టినంత మాత్రాన గోడలు పగలగొట్టే హక్కు రాదు. సరుకు ఏ దుకాణానికి వెళ్తోంది, ఏ ధరకు పోతోంది అన్నది పేరు గల యజమానికి ప్రాణం. పరిమాణం పెంచుకుంటూ పోయే వాక్నర్ పద్ధతికి ఇది పొసగలేదు.

2000 మే నెలలో కాల్విన్ క్లైన్ దావా వేశారు. జీన్స్‌ను తక్కువ ధరల హోల్‌సేల్ క్లబ్బులకు తరలించి బ్రాండు విలువ దిగజార్చారన్నది ప్రధాన ఆరోపణ. వార్నకో ఖండించి, ఎదురు దావా వేసింది. క్లైన్, వాక్నర్ ఇద్దరూ పత్రికలకెక్కారు. 2001 జనవరిలో విచారణ మొదలవ్వాల్సిన నాడే రాజీ కుదిరింది, లైసెన్సు వార్నకో దగ్గరే ఉండిపోయింది.

అప్పటికే కొనుగోళ్ల కోసం తెచ్చిన అప్పు తడిసి మోపెడైంది. వాక్నరే సారథ్యం వహించే ఆథెంటిక్ ఫిట్‌నెస్‌ను, అంటే స్పీడో ఈతదుస్తులు అమ్మే సంస్థను, 1999లో వార్నకో చేత కొనిపించడం కూడా ఈ భారంలో భాగమే. రెండు వైపులా ఒకే మనిషి ఉండటం వాటాదారులకు రుచించకపోవడంలో ఆశ్చర్యం లేదు. 2001 జూన్‌లో వార్నకో దివాలా రక్షణ కోరింది. నవంబరులో వాక్నర్‌ను తొలగించారు. 1998 ఖాతాల్లో సరుకు నిల్వల విషయమై అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ తెచ్చిన కేసును ఆమె 2004లో పరిష్కరించుకున్నారు. ఆరోపణలను ఒప్పుకోలేదు, కాదనలేదు, దాదాపు 13 లక్షల డాలర్లు చెల్లించారు.

2003లో దివాలా నుంచి బయటపడిన వార్నకోను 2013లో దుస్తుల సంస్థ పీవీహెచ్ సుమారు 290 కోట్ల డాలర్లకు కొన్నది. కాల్విన్ క్లైన్ సంస్థ 2003లోనే పీవీహెచ్ పరమైంది. దాంతో లోదుస్తుల ట్రేడ్‌మార్కు, జీన్స్ లైసెన్సు, అసలు బ్రాండు ఒకే యజమాని కిందికి వచ్చాయి.