అవతల కనబడని గాజు

నా బల్ల మీద పేపర్‌వెయిట్‌లా పడి ఉండే లెన్సు ఒకటుంది. 20 మిల్లీమీటర్ల వెడల్పు, నల్లగా నిగనిగలాడుతుంది. ఒకసారి ఇంటికి పట్టుకెళ్తే మా అమ్మ లైటుకేసి ఎత్తి చూసి, "గాజంటే అవతల కనబడాలి కదే" అంది. నిజమే, మన కంటికది బొగ్గుముక్క. థర్మల్ కెమెరాకి మాత్రం అదే కిటికీ. ఇంటి కిటికీ అద్దమేమో దానికి గోడ.

1800లో విలియం హెర్షెల్ ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఎరుపు దాటిన చీకట్లో థర్మామీటరు పెడితే వేడి ఇంకా పెరిగింది. ఆ కంటికందని వెలుగులోనే, 10 మైక్రాన్ల ప్రాంతంలో, మన ఒళ్ళు వెలుగుతుంటుంది. మామూలు గాజులోని ఆక్సిజన్ బంధాలు దాన్ని మింగేస్తాయి. ఆక్సిజన్ బదులు గంధకం వేస్తే? ఆర్సెనిక్, గంధకాల గాజు 12 మైక్రాన్ల దాకా దారిస్తుందని 1950లో రుడాల్ఫ్ ఫ్రెరిక్స్ ప్రకటించాడు. తర్వాత టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో సెలీనియం గాజుల మీద పనిచేసిన రే హిల్టన్ 1977లో గార్లండ్‌లో సొంత కంపెనీ పెట్టుకున్నాడు. నా లెన్సు ఆ వంశానిదే: జెర్మేనియం 33, ఆర్సెనిక్ 12, సెలీనియం 55 పాళ్ళు.

ఉత్త జెర్మేనియం కూడా వేడి వెలుగును పోనిస్తుంది. కానీ అది స్ఫటికం, ఒక్కొక్క లెన్సునీ వజ్రపు ఉలితో చెక్కుకోవాలి. గాజుకి ఆ బాధ లేదు. గాజుల కొలిమి చూసినవాళ్ళకి తెలుసు, రాయికీ నీళ్ళకీ మధ్య దానికో తీగపాకం దశ ఉంటుంది. సరిగ్గా అక్కడ అచ్చులో పెట్టి నొక్కాలి. మామూలు గాజుతో ఈ విద్య ఎప్పుడో బజార్లోకి వచ్చేసింది. 1982 నాటి కొడాక్ డిస్క్ కెమెరాలో నొక్కి చేసిన గాజు లెన్సు ఉండేది.

నల్లగాజును ఇలా అచ్చులో నొక్కే ఉద్యోగంలో చేరిన ఏడాది నేను వేసిన లెక్క ఇది. డిగ్రీకి మీటరుకు గాజు 12 మైక్రాన్లు ముడుచుకుంటుంది, టంగ్‌స్టన్ కార్బైడ్ అచ్చు 5. దాదాపు 350 డిగ్రీలు చల్లారేసరికి 20 మిల్లీమీటర్ల లెన్సు అచ్చుకన్నా 50 మైక్రాన్లు చిన్నదవుతుంది. ఆ మేరకు అచ్చు పెంచితే సరి అనుకున్నాను. లెన్సు వచ్చింది, వంపు తప్పింది. మా సారు కొలతల కాగితం తిప్పి కూడా చూడలేదు. "ఎంతసేపు చల్లార్చావమ్మా?" అన్నారు. నా మోడల్లో గడియారమే లేదు.

ఆ గడియారం కథ లెన్సుల దగ్గర మొదలవలేదు. అమెరికా నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో ఆర్థర్ టూల్ గాజును నెమ్మదిగా చల్లార్చే పని మీద ఏళ్ళు గడిపి, 1946లో ఒక ఊహాజనిత ఉష్ణోగ్రతను లెక్కలోకి తెచ్చాడు. కిక్కిరిసిన ఆర్టీసీ బస్సులో కండక్టరు "సర్దుకోండి, సర్దుకోండి" అంటాడే, అలాంటిదే. చల్లారుతున్న గాజులో అణువులు సర్దుకోవడానికి వ్యవధి కావాలి. తొందరపెడితే ఎక్కడివాళ్ళక్కడే బిగుసుకుపోతారు, గాజు కాస్త ఉబ్బుగా మిగిలిపోతుంది. ఏ వేడి దగ్గర బిగుసుకుందో ఆ అంకెనే టూల్ పట్టుకున్నాడు. దాన్ని ఏ రకంగా చల్లార్చినా పనికొచ్చే సమీకరణంగా మలిచింది 1971లో ఓ.ఎస్. నారాయణస్వామి. ఉద్యోగం ఫోర్డ్ కార్ల కంపెనీలో, పని పలక గాజుతో! ఆ పేపరు మొదటిసారి తెరిచినప్పుడు డెట్రాయిట్ పొగల మధ్య మన వీధిలో వినబడే పేరు చూసి, ఎందుకో ధైర్యం వచ్చింది. 2000 తర్వాత ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఆలెన్ యీ బృందంలాంటివాళ్ళు ఈ లెక్కల్ని లెన్సు అచ్చుల సిమ్యులేషన్‌లోకి తెచ్చారు. నేను చేసిందల్లా ఆ బాటన నడిచి, మా నల్లగాజు అంకెలు కొలిచి పెట్టడం.

రెండో అచ్చు డ్రాయింగు పంపిన మర్నాడు లేత్ మిషను దగ్గర్నుంచి ఫోనొచ్చింది. "మేడమ్, లెన్సు కొలత ఒకటి, అచ్చు కొలత ఇంకోటి ఉంది. ఒకసారి చూసుకోండి."

చూసుకున్నాను. అలాగే చెక్కమన్నాను.