‘అన్నా’, ‘అండీ’: తూర్పు హైదరాబాదులో మర్యాద వాచకాల చరిత్ర

మర్యాద మాటలో ఎక్కడ ఉంటుందన్న ప్రశ్నకు తెలుగు సమాజమంతా ఒకే సమాధానం చెప్పదు. కోస్తా జిల్లాల వ్యవహారంలో అది ప్రధానంగా ‘గారు’, ‘అండి’లలోను, బహువచన క్రియలోను కనిపిస్తుంది. తెలంగాణ పల్లె వ్యవహారంలో వరుస కలిపి పిలిచే పిలుపే గౌరవాన్ని మోస్తుంది. “ఏడికి పోతున్నవన్నా?” అన్నప్పుడు క్రియ ఏకవచనమే అయినా, ‘అన్నా’ అన్న పిలుపు ఎదుటివారికి ఇవ్వవలసినది ఇచ్చేసింది. అలవాటు లేని చెవికి మాత్రం అందులో క్రియ ఒక్కటే వినిపిస్తుంది.

రోజర్ బ్రౌన్, ఆల్బర్ట్ గిల్మన్ 1960లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసం ఐరోపా భాషల సర్వనామాలను అధికారం, సాన్నిహిత్యం అనే రెండు సూత్రాలతో వివరించింది. ఆ సిద్ధాంతం ప్రకారం అధికుడికి బహువచనం, అధీనుడికి ఏకవచనం దక్కాలి. తెలంగాణ చరిత్ర ఈ కొలతకు లొంగదు. వెట్టి కాలంలో అత్యంత దైన్యాన్ని పలికిన మాట “నీ బాంచెన్ దొరా”. అందులోని సర్వనామం ‘నీ’. అధికారమంతా ‘దొరా’ అన్న సంబోధనలో ఉంది. 1946-51 నాటి సాయుధ పోరాటం ఎదిరించిన వ్యవస్థ మాట తీరు అది. కనుక ఏకవచనాన్ని బట్టి తెలంగాణ మాటను మొరటుదనడం చరిత్ర తెలియని తీర్పు. కోస్తాలోనూ ‘గారు’ అందరికీ దక్కలేదు. పాలేరు ‘ఒరేయ్’ గానే మిగిలాడు.

మాట మీద చిన్నచూపు హైదరాబాదుకు కొత్తదేమీ కాదు. 1921 నవంబరులో నగరంలో జరిగిన సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో ప్రసంగించబోగా సభికులు గేలి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది. నాటి గేలి ఇతర భాషల వారిది. 1956 తర్వాతి వెక్కిరింత తెలుగువారి మధ్యనే సాగింది. ప్రతినాయకుడికి, హాస్యగాడికి తెలంగాణ యాసను అంటగట్టిన సినిమా దాన్ని ఊరూరా చేర్చింది.

ఈ రెండు మర్యాదలు రోజూ ఎదురెదురు పడిన తావుల్లో దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ ముఖ్యమైనవి. విజయవాడ రహదారి మీదుగా వచ్చేవారికి నగరం ఎదురయ్యేది ఇక్కడే. నల్లగొండ, ఖమ్మం వారితో పాటు కృష్ణా, గుంటూరు వారూ ఇక్కడ ఇళ్లు కట్టుకున్నారు. 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం పురపాలక సంఘాలు మహానగర పాలక సంస్థలో కలిసే నాటికి ఈ కలయికకు దశాబ్దాల వయసుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టూ వెలసిన హాస్టళ్లలో ఒకే గదిని పంచుకున్న విద్యార్థులకు ‘నువ్వు’, ‘మీరు’ల తేడా వ్యాకరణ విషయం కాదు, గదిలో తమకు ఎంత విలువ ఉందో చెప్పే గుర్తు. 1969లోను, 2009 తర్వాతి ఉద్యమంలోను ఆత్మగౌరవం అన్న మాటకు అంత బలం రావడానికి ఉద్యోగాలు, నీళ్లతో పాటు ఈ నిత్యానుభవమూ కారణమే. రాష్ట్రావతరణ తర్వాత కాళోజీ జయంతి, సెప్టెంబరు 9, తెలంగాణ భాషా దినోత్సవమైంది.

వాడుక మాత్రం ప్రభుత్వ ఉత్తర్వుల కోసం ఆగలేదు. ‘అంకుల్’, ‘ఆంటీ’, ‘సార్’ అనే మాటలు ఏ ప్రాంతానికీ చెందనివి కావడం వల్లనే ఇరువురికీ వీలయ్యాయి. వరుస కలపడమనే పాత పద్ధతి వాటిలో ఆంగ్ల వేషంలో కొనసాగింది. ‘అన్నా’ కూడా కోస్తా విద్యార్థి నోటికి అలవాటైంది. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ వరకు వచ్చిన మెట్రోలో తెలుగు ప్రకటనలు ప్రయాణికులందరినీ బహువచనంలోనే హెచ్చరిస్తాయి. మెట్లు దిగగానే ఆటో డ్రైవర్ అడిగేది “ఏడికన్నా?” అనే.