ఆరేళ్ల పిల్లాణ్ని తల్లి నుంచి విడదీసిన చట్టం

కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి.

మన ఇబ్రహీంపట్నం ఫెర్రీ నుంచి కృష్ణ ఒడ్డు పట్టుకుని కిందికి వెళ్తే, బ్యారేజీకి అవతల సీతానగరం వస్తుంది. అక్కడి కొండ, ఘాట్లు అందరికీ తెలుసు. బ్రిటిష్ కాలంలో అక్కడ మన ఎరుకల వాళ్లని ఉంచిన సెటిల్‌మెంట్ ఒకటి ఉండేదని ఎంతమందికి తెలుసు?

ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం తోలుకుని ఊరూరా అమ్మినవాళ్లు, బుట్టలల్లినవాళ్లు మన పెద్దలు. రైలొచ్చాక ఆ ఉప్పు బేరం పోయింది. 1871లో ఉత్తరాదిన మొదలైన క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. అప్పుడు కృష్ణా, గుంటూరు అందులోవే. 1913లో బాపట్ల దగ్గర స్టువర్టుపురం పెట్టి సాల్వేషన్ ఆర్మీకి అప్పగించారు. హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు.

ఈ చట్టంలో మనం పెద్దగా మాట్లాడుకోని సెక్షన్ ఒకటుంది. ఆరేళ్లు దాటి పద్దెనిమిదేళ్లు నిండని పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే బడిలో పెట్టే అధికారం సర్కారుకి ఇచ్చింది. ఆ పిల్లలు దొంగతనం చేశారని కాదు, ఆ కులంలో పుట్టారని. అందర్నీ విడదీశారని నేను అనట్లేదు. కానీ "ఎప్పుడైనా తీసుకెళ్లొచ్చు" అనే భయం చాలదా? రాత్రి హాజరుకి నాన్న చేతులు కట్టుకుని నిలబడితే చూసిన పిల్లాడికి లోకం మీద ఏం నమ్మకం కలుగుతుంది?

1998లో అమెరికాలో ఫెలిట్టి, ఆండా అనే డాక్టర్లు ఒక పెద్ద అధ్యయనం ప్రచురించారు. చిన్నప్పుడు ఎన్ని రకాల దెబ్బలు తింటే, పెద్దయ్యాక తాగుడు, దిగులు, గుండెజబ్బు లాంటివి అంత ఎక్కువగా కనిపించాయి. ఎప్పుడూ భయంలో పెరిగిన పిల్లల ఒళ్లు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టే ఉంటుంది. చిన్న మాటకే కొట్లాటకి దిగుతారు, లేకపోతే నోరే విప్పరు. పాఠం మీద మనసు నిలవదు. బయటివాళ్లు దీన్ని "మొండితనం", "వాళ్ల రక్తమే అంత" అంటారు. రక్తం కాదండీ, భయం.

ఇంకో మాట కూడా చెప్పాలి. హవాయి దీవుల్లోని కవాయిలో 1955లో పుట్టిన 698 మంది పిల్లల్ని ఎమ్మీ వెర్నర్ బృందం ఏళ్ల తరబడి గమనించింది. బాగా కష్టాల్లో పెరిగినవాళ్లలో మూడోవంతు మంది చక్కగా నిలదొక్కుకున్నారు. వాళ్లకి దొరికిన ముఖ్యమైన బలం ఏంటంటే, తమని నమ్మిన పెద్దమనిషి కనీసం ఒక్కరు. అమ్మమ్మ కావొచ్చు, టీచర్ కావొచ్చు.

మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది. దేశమంతా 1952 ఆగస్టు 31న రద్దయింది. కానీ ఊళ్లో దొంగతనం జరిగితే మన పేటవైపు చూసే చూపు ఇంకా పోలేదు. ఆ చూపు మన చిన్నపిల్లల మీదా పడుతుంది.

అందుకే ఒక మనవి. మీ హాస్టల్లో కొత్తగా చేరి మూలన కూర్చున్న తమ్ముడో చెల్లెలో ఉంటే, తిట్టకుండా పక్కన కూర్చుని "తిన్నావా?" అని అడగండి. వాళ్లని నమ్మే ఆ ఒక్కరు మీరే అవ్వొచ్చు. అలాగే ఈ సెలవుల్లో ఇంట్లో అవ్వనీ తాతనీ సెటిల్‌మెంట్ రోజుల గురించి అడగండి. చెప్పకపోతే బలవంతం చేయకండి. ఆ మౌనం కూడా మన చరిత్రే.