వేరు రిజిస్టరూ వేరు గ్లాసేనా?

స్వలింగ జంటల హక్కుల మాట ఎత్తితే, "మన బాధలే మనకు బోలెడున్నాయి, ఇదెందుకు?" అని మనవాళ్లే అడుగుతున్నారు. ఎవరు ఎవరితో కలిసి బతకాలో శాసించే అధికారం ఎవరిదన్న ప్రశ్న మనకు కొత్తదా? సొంత కులంలోనే పెళ్లి అనే కట్టడే కులానికి ప్రాణమని అంబేద్కర్ 1916లోనే తేల్చి చెప్పారు.

ముందు చరిత్ర చూద్దాం. స్వలింగ జంటల భాగస్వామ్యాన్ని ప్రపంచంలో మొదట చట్టబద్ధంగా నమోదు చేసింది డెన్మార్క్. 1989 అక్టోబర్ 1న కోపెన్‌హేగన్‌లో 11 జంటలు సంతకాలు చేశాయి. ఆస్తిలో, వారసత్వంలో దాదాపు భార్యాభర్తల హక్కులే వచ్చాయి. కానీ దాన్ని పెళ్లి అనలేదు. దత్తత లేదు, చర్చిలో పెళ్లి లేదు. 1993లో నార్వే, 2004లో బ్రిటన్ ఇలాంటి చట్టాలే చేశాయి.

రెండు గ్లాసుల పద్ధతి చూసినవాళ్లం మనం. టీ ఒకటే, గ్లాసు వేరు. ఈ రిజిస్టరూ అంతేనా అంటే, సగం అంతే. మిగతా సగం వేరు. హోటల్లో ఆ గ్లాసు మనల్ని దూరం పెట్టడానికి పెట్టారు. ఈ రిజిస్టరును వాళ్లు పోరాడి తెచ్చుకున్నారు, తెచ్చుకుని అక్కడే ఆగలేదు. 2010లో దత్తత హక్కు, 2012లో పెళ్లి హక్కు సాధించారు.

మన దగ్గర సుప్రీంకోర్టు 2018 సెప్టెంబర్ 6న స్వలింగ సంబంధం నేరం కాదంది. అదే నెల 14న మిర్యాలగూడలో, కులాంతర పెళ్లి చేసుకున్న దళిత యువకుడు ప్రణయ్‌ని ఆస్పత్రి బయట నరికి చంపారు. చట్టం ఒప్పుకున్న పెళ్లిని కూడా కులం ఒప్పుకోలేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కిందైతే జంట పేర్లు 30 రోజులు ఆఫీసు గోడకెక్కాలి. కత్తులు నూరుకునేవాళ్లకు అది చాలినంత గడువు.

ఈ చట్టాన్ని తమకూ వర్తింపజేయమని హైదరాబాద్ జంటతో సహా పలువురు కోర్టుకెళ్లారు. ఇది నగరాల్లోని ఉన్నతవర్గాల ఆలోచన అని కేంద్రం వాదించింది. 2023 అక్టోబర్ 17న అయిదుగురు జడ్జీలూ పెళ్లి ప్రాథమిక హక్కు కాదన్నారు. పెళ్లి కాకపోయినా ఆ బంధాన్ని ప్రభుత్వం గుర్తించాలన్న వాదన 3-2 తేడాతో ఓడిపోయింది. అంటే వేరు గ్లాసు కూడా దక్కలేదు. 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లనూ కొట్టేశారు.

ఉన్నతవర్గాల గొడవేనా ఇది? ఉన్నవాడు వకీలుని పెట్టి వీలునామా రాయించుకుంటాడు. వాడలో ఉన్నోళ్లకు కాగితం తప్ప ఇంకే అండ ఉంది? ఇలాంటి జంటలను రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్లుగా చూడొచ్చని 2024లో కేంద్రమే రాష్ట్రాలకు రాసింది. బియ్యానికి ఒకే ఇల్లయినప్పుడు, వారసత్వానికి రెండిళ్లు ఎట్లా అవుతాయి?

కాగితం ఒక్కటే కాపాడదని మిర్యాలగూడ మనకు నేర్పింది. కాగితం కూడా లేనోళ్ల గతి ఏంటో మనకే బాగా తెలుసు. అందుకే ఈ పోరాటం పక్కింటిది కాదు, మనది కూడా.