సూదిపోటు చరిత్ర

నూజివీడు సీమలో మామిడికాపు దిగు దినములలో ఆవకాయ ముక్కలు కొట్టని యిల్లు అరుదు. పని ముగియగానే ఇల్లాలు కత్తిని కడిగి పిల్లల చేతికందని చోట దాచును. పదునైన వస్తువు పని తీరిన పిమ్మటను ప్రమాదకరమే యని ఆమెకు తెలియును. ఆసుపత్రులు ఈ సంగతిని గుర్తించుటకు చాలకాలము పట్టినది.

1847లో వియన్నా నగరమున శవపరీక్షా సమయమందు విద్యార్థి కత్తి వ్రేలికి గ్రుచ్చుకొని కొల్లెచ్కా అను ఆచార్యుడు మరణించెను. ఆయన మిత్రుడు సెమ్మెల్వైస్ ఆ మరణమును బట్టియే పురిటిజ్వర కారణమును గ్రహించి, వైద్యులు చేతులు శుభ్రపరచుకొనవలెనని విధించెను. 1853లో చర్మము క్రిందికి మందెక్కించు సూది వాడుకకు వచ్చెను. అది క్రమముగా నర్సుల చేతిపని యయ్యెను.

గాజు సిరంజిలను మరిగించి, మొద్దువారిన సూదులను సానపట్టి మరల వాడిన కాలమొకటి కలదు. పోటుపడిన నర్సుకు నాడు దక్కినది తరచు అజాగ్రత్త యను మందలింపే. 1960ల దశకమున బ్లంబర్గ్ పరిశోధనతో హెపటైటిస్-బి వైరస్ జాడ తెలిసినది. 1984లో సూదిపోటు వలన బ్రిటనులో ఒక నర్సుకు ఎయిడ్స్ వైరస్ సోకినట్లు లాన్సెట్ పత్రిక ప్రకటించెను. జనులు ఈ రెండవదానికే యెక్కువ భయపడుదురు. కాని సోకు అవకాశము దానికి వేయింటికి సుమారు 3. టీకా లేనివారికి హెపటైటిస్-బి నూటికి 6 నుండి 30.

హెపటైటిస్-బికి 1980ల దశకమున టీకా వచ్చినను దిగుమతి ధర మన సామాన్యులకు భారమయ్యెను. నెల్లూరు జిల్లాకు చెందిన వరప్రసాద్‌రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997లో హైదరాబాదు నుండి దేశీయమైన టీకాను వెలువరించెను, ధర దిగివచ్చెను. సిబ్బందికి ఈ టీకా వేయించవలెననియు, సూదులను పోటు దిగని గట్టిడబ్బాలలోనే వేయవలెననియు 2016 నాటి నిబంధనలు శాసించినవి.

వాడిన సూదికి మూత తిరిగి తొడుగుట పోట్లకు ముఖ్యకారణములలో నొకటి. డబ్బా చేతికందు దూరమున లేనిచో జాగ్రత్త యొక్కటే చాలదు. పోటు పడినచో సబ్బునీటితో కడిగి వెంటనే తెలుపవలెను. హెచ్ఐవి నివారణ మందులు 72 గంటలు దాటక మునుపే, ఎంత త్వరగా నైన నంత మేలుగా, ఆరంభింపవలెను. హెపటైటిస్-సికి నేటికిని టీకా లేదు.

మా శ్రోతల యిండ్లలో నర్సులైన కుమార్తెలు, కోడండ్రు కలరు. టీకా మూడు మోతాదులును పూర్తియైనవా యని వారిని నేడే యడుగుడని మా మనవి.