మదనపల్లి సీమయందు నిరీక్షణ

తెలుగు బైబిలు చదువువారికి నిరీక్షణ యను మాట చిరపరిచితము. లోకవ్యవహారమున మనము ఆశ యనుచోట ఆ గ్రంథమును తెనిగించిన పండితులు తరచుగా నిరీక్షణ యను పదమును వాడిరి. ఈ రెండును ఒక్కటి కావు. ఆశ కూర్చున్నచోటనే కలుగవచ్చును. నిరీక్షణ యన ఎదురుచూచుట. ఎదురుచూచువాడు వాకిలి యూడ్చి, దీపము వెలిగించి, రాబోవువానికై ఇల్లు సిద్ధపరచుకొనును. క్రీస్తునందు విశ్వాసమును నిరీక్షణయు వృద్ధిపొందవలెనని బోధకులు సులభముగా ఉపదేశింతురు. మనుష్యుల బ్రతుకులలో అవి యేరీతిగా వృద్ధిపొందునో చెప్పుటకు మాత్రము చరిత్రమే తగినది. మదనపల్లి, పుంగనూరు, కుప్పము ప్రాంతముల కథ అందులకు మంచి నిదర్శనము.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు మదనపల్లి కడప జిల్లాలోను, పుంగనూరు జమీనును, కుప్పముతో చేరిన కంగుంది జమీనును ఉత్తరార్కాడు జిల్లాలోను ఉండెను. కుప్పము సంతలో నిలిచినవానికి తెలుగు, అరవము, కన్నడము మూడును వినబడును. ఈ సీమకు క్రైస్తవబోధను విశేషముగా తెచ్చినది ఆర్కాటు మిషను. 1853లో స్కడ్డరు సోదరులు దానిని స్థాపించిరి. 1857లో అది అమెరికాలోని రిఫార్ముడు సంఘము పోషణలోనికి వచ్చెను. దాని పని తొలుత అరవదేశముననే సాగుచుండెను. తెలుగుసీమలో దానికి వేరునాటినవాడు జేకబ్ చేంబర్లేను.

ఈయన 1835లో కనెక్టికట్ రాష్ట్రమున జన్మించెను. మతబోధకుడే కాక వైద్యవిద్య నభ్యసించినవాడు. 1863లో మదనపల్లి చేరి, ఆ యేడే దేశీయులగు సహచరులతో నిజాము రాజ్యము మీదుగా గోదావరి ప్రాంతమువరకు సుమారు 1,200 మైళ్ల ప్రయాణము చేసెను. ఒక యూర జనులు రాళ్లు చేతబట్టి వచ్చిరనియు, కొట్టుటకు ముందు ఒక్క కథ వినుడని తాను వేడుకొంటిననియు, కథ ముగియునప్పటికి వారే పుస్తకములు కొనిరనియు ఆయన వ్రాసికొనెను. కాని ఆయన జీవితమునందు గొప్పది ఈ సాహసము కాదు. మదనపల్లికి మరలివచ్చి రోగులకు మందులిచ్చుట, చదువరులకై పఠనాలయము నెలకొల్పుట, తెలుగు బైబిలు సవరణ సంఘమునకు అధ్యక్షుడై యేండ్లతరబడి ఒక్కొక్క మాటను తూచుట, ఇవియే గొప్పవి. 1908లో మదనపల్లిలోనే ఆయన దేహము చాలించెను.

ఇచ్చట చదువరులకు ఒక సందేహము కలుగక మానదు. మందును, అన్నమును, చదువును చేతబట్టి వచ్చిన మతము బీదవానికి ఎర కాదా? ఈ ప్రశ్నను తోసివేయుట న్యాయము కాదు. జనులు తమ మతమున చేరవలెనని కోరియే మిషనరీలు వచ్చిరి. ఆ కోరికను వారు దాచలేదు. 1876 మొదలు 1878 వరకు దక్షిణదేశమును ధాత కరువు పీడించినప్పుడు, ఆకలిగొన్నవాడు పొందు విశ్వాసము నిజమైనదా యని మిషనరీలలోనే కొందరు తమ్ముతాము ప్రశ్నించుకొనిరి. దీనికి మన తెలుగుదేశముననే ఒంగోలు నుండి ఒక సమాధానము దొరకును. అచ్చటి అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ కరువుకాలమున బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో ఒక భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి దొరుకునట్లు చేసెను. బాప్తిస్మ మిమ్మని వారు వేడినను, కరువు తీరువరకు ఇయ్యనని నిలిపివేసెను. పిదప 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యొడ్డున ఒక్కదినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను అందరును చెప్పుకొందురు. దానికి ముందు గడచిన నిరాకరణకాలమును తలచువారు అరుదు. నాకు చూడగా ఆ సంఖ్యకు విలువ నిచ్చినది ఆ నిరాకరణమే.

ఆ జనులలో పెక్కుమంది మాలమాదిగలు. ఊరిబావి ముట్టరాదనియు, బడిగడప తొక్కరాదనియు తరతరములుగా విన్నవారు. నీవును దేవుని బిడ్డవే యను మాట వారికి వేదాంతము కాదు, వార్త. సంఘములో కులభేదము పాటింపరాదని ఆర్కాటు మిషను నియమము చేసెను. నియమ మొక్కనాటిలో చేయవచ్చును. పంక్తిభోజనమున మనస్సు మారుటకు తరములు పట్టును. కులము గుడి బయట నిలిచిపోయినదని నేటికిని ఏ క్రైస్తవ సంఘమును ధైర్యముగా చెప్పజాలదు. విశ్వాసము బాప్తిస్మముతో ముగియదనుటకును, అప్పుడే మొదలిడుననుటకును ఇంతకంటె వేరు సాక్ష్యము వలయునా?

స్త్రీల విషయమున నిరీక్షణ మరియొక రూపము దాల్చెను. ఈ మిషను కుటుంబములోనే పుట్టిన ఐడా స్కడ్డరు, పురుషవైద్యుడు తాకరాదను ఆచారమువలన ఒక్కరాత్రి ముగ్గురు యువతులు ప్రసవవేదనతో మరణించుట చూచి, వైద్యము నేర్చి వచ్చి 1918లో వేలూరున స్త్రీలకు వైద్యపాఠశాల తెరచెను. మదనపల్లిలోను మేరీ లాట్ లైల్స్ పేర స్త్రీలకు, శిశువులకు వైద్యశాల వెలసెను. కెనడాదేశపు వైద్యురాలు లూయిజా హార్టు దానిని నడిపెను.

ఈ కథకు శిఖరము మదనపల్లికి చేరువనున్న ఆరోగ్యవరము. పెక్కు మిషనులు తమ భేదములను ప్రక్కనుంచి ఏకమై స్థాపించిన క్షయరోగ చికిత్సాలయము 1915లో ఇచ్చట తెరువబడెను. సముద్రమట్టమునకు రెండువేల అడుగులకు పైబడిన ఈ పీఠభూమి గాలి పొడిగాను చల్లగాను ఉండును. డేనుదేశీయుడగు క్రిస్టియను ఫ్రిమోట్ మోలరు దానికి మొదటి అధికారి. 1882లో కోఖ్ క్షయకారణమగు సూక్ష్మజీవిని కనుగొనెను. కాని దానిని చంపు స్ట్రెప్టోమైసిన్ 1943 వరకు బయటపడలేదు. నడుమ గడచిన అరువది యేండ్లును వైద్యునికి చేతనున్నవి విశ్రాంతి, ఆహారము, నిర్మలవాయువు, కొన్ని కఠినమైన శస్త్రచికిత్సలు. రోగి నెలలతరబడి మంచమున పడియుండవలెను. కొందరు కోలుకొనిరి, పెక్కుమంది కోలుకొనలేదు.

చదువరులారా, ఒక్క క్షణ మిచ్చట ఆగుడు. ఇంటివారే పళ్లెము వేరుచేసి దూరముగా నుంచిన రోగి, ఏ మతమువాడైనను, అచ్చట పేరుపెట్టి పిలువబడెను. నయమగునని మాట యియ్యలేని వైద్యుడు ప్రతి ఉదయమును వచ్చి మంచముకడ నిలిచెను. నయముచేయు మందు కలిగినవాడు ధైర్యము చెప్పుటలో వింత యేమున్నది? మందు లేనినాడును విడువక వచ్చుటయే విశ్వాసము. రోమీయులకు వ్రాసిన పత్రికలో పౌలు నిరీక్షణకు జన్మస్థానము సుఖము కాదనియు, కష్టమును ఓర్చుటయే యనియు బోధించెను. సిలువమీద విడువబడిన యేసును నమ్మువారు, మనుష్యులు విడిచినవారిని తాము విడువరాదని యెరుగుదురు.

ఆ యెదురుచూపు వ్యర్థము కాలేదు. 1948లో మన దేశమున బి.సి.జి. టీకా పని తొలుత మొదలైన తావులలో మదనపల్లి యొకటి. ఆరోగ్యవరమునకు అధికారిగా నున్న పి. వి. బెంజమిను పిదప భారతప్రభుత్వమునకు క్షయరోగ విషయమున సలహాదారు డాయెను. 1959లో మదరాసునందలి పరిశోధకులు, మందులు క్రమముగా పుచ్చుకొన్నచో రోగి ఇంటనే యుండియు చికిత్సాలయమున వలెనే కోలుకొనుననియు, అందువలన ఇంటివారికి అపాయము హెచ్చదనియు నిరూపించిరి. ఆ పిమ్మట క్షయరోగి యిల్లు విడువవలసిన యగత్యము తగ్గెను. ఆరోగ్యవరము నేడు సర్వరోగములకు వైద్యము చేయు ఆసుపత్రి.

మదనపల్లి, పుంగనూరు, కుప్పము ప్రాంతముల యూళ్లలో నేడు ప్రార్థనకు కూడు కుటుంబములు తాతముత్తాతల విశ్వాసమును దాయభాగముగా పొందిరి. దాయభాగమును పెట్టెలో దాచిన తరుగును, పంటకు పెట్టిన పెరుగును. విశ్వాస మెంత పెరిగినదో కొలువగోరువారు హాజరుపట్టీని చూచుట చాలదు. పంక్తిలో ప్రక్క నెవరిని కూర్చుండబెట్టుకొందురో, కూతును ఎంతవరకు చదివింతురో, తీరని రోగము గలవాని వాకిట నెన్నిమారులు నిలుతురో చూడవలెను. ఈ కొలత క్రైస్తవులకు మాత్రమే యని ఇతరులు సంతోషింపనక్కరలేదు. దీపము వెలిగించి ఎదురుచూచు ప్రతి యింటికిని ఇదియే కొలత.