హోటళ్ల చరిత్రలో బయటి గ్లాసు: ఆదోని, ఎమ్మిగనూరు అనుభవం

ఆదోనిలో పాత హోటళ్లవాళ్లు కొందరు యేడాదికొకసారి ఒకచోట చేరతారు. యజమానులకంటే మేనేజర్లే యెక్కువ. గల్లాపెట్టె దగ్గర ముప్పయి, నలభై యేళ్లు కూచున్న మనుషులు. ఎమ్మిగనూరు నుంచి కూడా నలుగురైదుగురు వస్తారు. దానికొక పేరు లేదు, రిజిస్ట్రేషనూ లేదు. ఒక కల్యాణమండపంలో పొద్దున టిఫిను, ఆ యేడు చనిపోయినవాళ్ల ఫోటోలకి దండలు, ఒకరిద్దరికి శాలువాలు, మధ్యాహ్నం భోజనం. రెండేళ్ల కింద ఆ సమావేశానికి నేనూ పోయినాను. "యూనివర్సిటీలో హిస్టరీ చేస్తాండావు కదా, చిన్న సావనీరు వేస్తాండాం, మన హోటళ్ల చరిత్ర రెండు పేజీలు రాసియ్యి" అని తెలిసిన మేనేజరొకాయన అడిగినాడు. నా కులం తెలిసి అడిగివుంటే ఆయన గొప్పతనం. తెలియక అడిగివుంటే అది కూడా ఒక చారిత్రక ఆధారమే అనుకుని పోయినాను.

మాటలు బాగానే సాగినాయి. మొదట ఫిల్టరు కాఫీ యెవరు పెట్టినారు, పాలరాతి బల్లలు యెప్పుడు వచ్చినాయి, పాలు యే వూర్ల నుంచి వచ్చేవి, పత్తి సీజనులో రాత్రి పన్నెండుకి కూడా ఉగ్గాని బజ్జి యెట్లా అమ్ముడుపోయేది - ఇవన్నీ చెప్పుకున్నారు. రెండు గంటలు విన్నాను. బయటి గ్లాసు మాట ఒక్కరి నోటా రాలేదు. చివరికి భోజనాల దగ్గర నేనే అడిగినాను. ఎనభై దాటిన ఒక పెద్దమనిషి చెయ్యి ఆపి నా మొహంలోకి చూసి అన్నాడు: "అది మేం పెట్టింది కాదప్పా, వూరు పెట్టింది. అందర్నీ లోపల కూచోబెట్టుకుంటే మాకు యాపారం యాడుంటుంది?"

ఆయన అబద్ధం చెప్పలేదు. నేను రెండు పేజీలు రాసిచ్చినాను. సావనీరులో ఒక పేజీ అచ్చయింది. అచ్చుకాని పేజీని కొంచెం పెంచి యిక్కడ పెడుతున్నాను.

మన దిక్కు "హోటలు" అంటే తినేచోటు. పండుకునేది లాడ్జి. యీ రెండింటినీ కలిపి చూస్తే గాని కులానికీ హోటలుకీ సంబంధం అర్థం కాదు. అంతకుముందు సత్రాలుండేవి. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో కాశీయాత్ర చేసి మజిలీ మజిలీకి దిగడానికి వసతి వుందా, బ్రాహ్మణ యిళ్లున్నాయా, సరుకులు దొరుకుతాయా అని రాసిపెట్టినాడు. ఆ పుస్తకాన్ని మన సాహిత్య చరిత్రలు యాత్రాచరిత్రగా మెచ్చుకుంటాయి. నాకు మాత్రం అది "యెవరి వంట యెవరు తినొచ్చు" అన్న లెక్కల పుస్తకంగా కనిపిస్తుంది. ప్రయాణం చేసే అగ్రకులస్తుడికి పెద్ద సమస్య దారి కాదు, అన్నం. వండినవాడి కులం తెలియకపోతే అన్నం గొంతు దిగదు. పల్లకీ మోసినవాళ్లు యెక్కడ తిన్నారన్నది ఆ లెక్కల్లో అంతగా కనపడదు.

1871లో మద్రాసు రైలుమార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరింది. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో వుంది, 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం యేర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిసింది. రైలొచ్చినంక పత్తి వ్యాపారం పెరిగింది, జిన్నింగు ఫ్యాక్టరీలొచ్చినాయి, ముక్కూమొహం తెలియని జనం వూర్లోకి దిగినారు. రైలుపెట్టెలో కులాలు పక్కపక్కన కూచోక తప్పలేదు గాని స్టేషనులో తిండి మాత్రం విడివిడిగానే వుండింది. హిందూ నీళ్లు, ముసల్మాను నీళ్లు అని కుండలు వేరు. దక్షిణాదిలో రైల్వే భోజనశాలల్లో బ్రాహ్మణులకి వేరే గది కూడా వుండేది. పెరియార్ ఉద్యమం తర్వాత 1941లో గాని అది పోలేదు.

యీ పరిస్థితిలోనే ఉడిపి హోటలు వచ్చింది. కన్నడ సీమ మనకి పక్కనే, కాబట్టి ఆదోని వైపుకి అది సులభంగానే నడిచొచ్చింది. ఉడిపి హోటలు కులాన్ని పగలగొట్టిందనీ, డబ్బిచ్చినవాడికల్లా దోసె పెట్టి ఆధునికతని తెచ్చిందనీ కొందరు రాస్తారు. సగం నిజం. హోటలు అమ్మింది దోసెని మాత్రమే కాదు, వంటవాడి కులాన్ని కూడా. బోర్డు మీద "బ్రాహ్మణ" అనే మాట యెందుకుండేది? లోపలికి యెవరు రావొచ్చో చెప్పడం ఒక్కటే కాదు, లోపల వండేదెవరో చెప్పి నమ్మకం కలిగించడం దాని పని. మద్రాసు తిరువల్లిక్కేణిలో ఒక కేఫు బోర్డు మీద నుంచి ఆ మాట తీయించడానికి 1957లో కూడా పెరియార్ అనుచరులు రోజుల తరబడి పికెటింగు చేసి జైలుకి పోవాల్సి వచ్చిందంటే, ఆ మాటకి యెంత మార్కెట్టు వుండేదో చూడండి. పెద్దమనిషి చెప్పిన "యాపారం" యిదే.

ఒక సంవత్సరం గురించి ఆగి చెప్పాలి. 1938. ఆ యేడు కె. కృష్ణారావు మద్రాసులో వుడ్‌లాండ్స్ హోటలు పెట్టినాడు. అదే యేడు యెమ్మిగనూరులో మాచాని సోమప్ప నేతగాళ్ల సహకార సంఘం పెట్టినాడు. 1954లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, ఆ సంఘం పేరు మీదే యెమ్మిగనూరు దేశానికి తెలిసింది. అదే యేడు మద్రాసు శాసనసభలో ఎం.సి. రాజా పట్టుబట్టి అస్పృశ్యుల సాంఘిక అడ్డంకుల్ని తొలగించే చట్టాన్ని తెప్పించినాడు. మొదటి రెండింటికీ జయంతులు, సావనీర్లు వున్నాయి. మూడోదాన్ని మా ప్రాంతపు బడుల్లో నేను చదువుకున్నంత కాలం ఒక్క టీచరూ చెప్పలేదు.

లాడ్జి సంగతికొస్తాను. 1917లో అంబేద్కర్ అమెరికా, లండన్‌లలో చదువుకుని బరోడా ఉద్యోగానికి పోయినాడు. దిగడానికి చోటు లేదు. ఒక పార్సీ వసతిగృహానికి పోతే, పార్సీలు కానివాళ్లని దిగనివ్వకూడదని కాపలాదారు చెప్పినాడు. కాని రిజిస్టరులో పార్సీ పేరు రాస్తే వుండొచ్చని యిద్దరూ ఒప్పందానికొచ్చినారు. రోజుకి రూపాయిన్నర. పదకొండో రోజు పొద్దున కర్రలు పట్టుకున్న పార్సీల గుంపు మెట్లెక్కి వచ్చింది. సాయంత్రంలోగా ఖాళీ చెయ్యమన్నారు. ఆయన ఊర్లో తెలిసినవాళ్ల యిళ్లకి పోయి అడిగి, చోటు దొరక్క, పార్కులో కూచుని రాత్రి రైలెక్కినాడు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో యిది వివరంగా వుంది.

యీ కథని మనం కన్నీళ్లతో చదివి పుస్తకం మూసేస్తాం. దాని తర్వాత యేమైందో చూడాలి. 1930లో రౌండ్ టేబుల్ సమావేశానికి అంబేద్కర్, రెట్టమలై శ్రీనివాసన్ కలిసి యిచ్చిన మెమొరాండంలో బావులు, రోడ్లు, బండ్లతో పాటు వసతిగృహాల్ని కూడా పేరుపెట్టి చేర్చినారు. వాటిని నిరాకరించడం నేరం కావాలన్నారు. ఆ వాక్యాల నమూనా అమెరికాలో నల్లవాళ్ల కోసం 1866, 1875లలో చేసిన చట్టాలది. 1875 చట్టాన్ని అమెరికా సుప్రీంకోర్టు 1883లోనే కొట్టేసింది. వాళ్ల దేశంలో చచ్చిపోయిన చట్టాన్ని ఒక మహార్ మేధావి తీసుకొచ్చి మన దేశంలో బతికించినాడు. రాజ్యాంగం 15(2) అధికరణంలో దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు పక్కపక్కనే వుండడం వెనక యింత నడక వుంది. 1948 నవంబరు 29న అంటరానితనం రద్దు అధికరణాన్ని రాజ్యాంగసభ ఆమోదించింది. 1955 జూన్ 1 నుంచి అంటరానితనం (నేరాల) చట్టం అమల్లోకి వచ్చింది. అమెరికాలో నల్లవాళ్లకి హోటలు గుమ్మం మళ్లీ చట్టంగా తెరుచుకున్నది 1964లో.

1955 చట్టాన్ని విద్యార్థులు ఒకసారి చదవాలి. అందులో హోటలు అంటే రిఫ్రెష్‌మెంటు రూము, భోజన వసతి, లాడ్జింగు, కాఫీ హౌసు, కేఫు అన్నీ వస్తాయి. గుమ్మం దాటనివ్వకపోవడం ఒక నేరం. అందరికోసం పెట్టిన పాత్రల్ని వాడనివ్వకపోవడం విడిగా యింకొక నేరం. అంటే గ్లాసు గురించి పార్లమెంటుకి తెలుసు! అట్లా చేసిన హోటలు లైసెన్సు రద్దు చెయ్యొచ్చని 8వ సెక్షను చెబుతుంది. 12వ సెక్షను యింకా ముఖ్యం: బాధితుడు షెడ్యూల్డు కులస్తుడైతే ఆ పని అంటరానితనం వల్లనే జరిగిందని కోర్టు ముందుగా భావించాలి, కాదని నిరూపించుకునే భారం ముద్దాయిది. శిక్ష మాత్రం ఆరునెలల వరకు జైలు లేదా ఐదువందల వరకు జరిమానా. 1976లో దీన్ని పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మార్చి కనీస శిక్ష పెట్టినారు.

చట్టం లోపల కూచోమనింది. గ్లాసు బయటే వుండిపోయింది.

మా నాయన చిన్నప్పుడు, అంటే ఆ చట్టం వచ్చి పదేళ్లు దాటినంక, మా జేజినాయనతో యెమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరకి నడిచిపోయేవాడు. దారిలో వూర్ల హోటళ్లలో చూరు కింద మేకులకి గ్లాసులు తగిలించి వుండేవంట. మన గ్లాసు మనం తీసుకోవాల, తొట్టి దగ్గర కడుక్కోవాల, బండ మీద పెట్టాల. హోటలాయన పైనుంచి పోస్తాడు. తాగి మళ్లీ కడిగి మేకుకి తగిలించాల. డబ్బులు చేతికివ్వకూడదు, బండ మీద పెట్టాల. కొన్నిచోట్ల గ్లాసు కూడా లేదు, కొబ్బరిచిప్ప. యిక్కడొక విషయం గమనించాలి. చేన్లకి నీళ్లు తోడే కపిల తోలుబాన మాదిగ చేతిలో తయారైంది. ఆ తోలులోంచి వచ్చిన నీళ్లతో పండిన పంట అందరూ తిన్నారు. గ్లాసు దగ్గరకొచ్చేసరికే మైల గుర్తొచ్చింది.

టౌనులో పద్ధతి వేరు. ఆదోనిలాంటి వూర్లో యెవరిది యే కులమో గల్లాపెట్టె దగ్గర కూచున్నాయనకి తెలియదు. తెల్లబట్టలేసుకుంటే లోపల కూచోవచ్చు. పక్క పల్లె నుంచి యెవరైనా వచ్చి గుర్తుపడితేనే కష్టం. అందుకే మా వాళ్లకి టౌను హోటలంటే ఒకేసారి ఆశా, భయమూ. హోటళ్లలో పనిచేసినవాళ్లూ వున్నారు. కట్టెలు కొట్టడం, నీళ్లు మోయడం, యెనక దొడ్లో గిన్నెలు తోమడం. వంటింట్లోకి పోయినవాళ్లు పేరు మార్చుకుని పోయినారు. బరోడా రిజిస్టరులో అంబేద్కర్ రాసిన దొంగపేరులాంటివి ఆదోని హోటళ్ల హాజరుపట్టీల్లోనూ వున్నాయని ఆ సమావేశంలోనే ఒక రిటైరైన సర్వరు నన్ను పక్కకి తీసుకుపోయి చెప్పినాడు. ఆయన తన అసలు పేరు కూడా చెప్పినాడు. రాయొద్దన్నాడు, రాయను.

1985లో కారంచేడులో గొడవ తాగేనీళ్ల చెరువు దగ్గర మొదలైంది. 1991లో చుండూరుది సినిమాహాల్లో కాలు తగలడంతో మొదలైంది. రెండూ 15(2)లో పేరున్న రకం చోట్లే. కోస్తాలో నెత్తురు కారినందుకు అవి చరిత్రలోకి యెక్కినాయి. రాయలసీమలో చూరు కింద గ్లాసు నెత్తురు లేకుండా పనిచేసింది కాబట్టి యెక్కలేదు. 1998లో కులవివక్ష వ్యతిరేక పోరాట సంఘం యేర్పడినంక రెండు గ్లాసుల మీద వూరూరా ఆందోళనలు జరిగినాయి. 2001లో జస్టిస్ పున్నయ్య కమిషన్ నివేదిక వచ్చింది. నెలకొకసారి 30వ తేదీన పల్లెల్లో పౌరహక్కుల దినం జరపడం ఆ వరసలో వచ్చిందే. అధికారి వచ్చి హోటల్లో అందరితో కలిసి టీ తాగి ఫోటో దిగి పోతాడు. యెగతాళి చెయ్యడం తేలిక. కాని ఆ ఒక్కరోజు ధైర్యంతో లోపల బెంచీ మీద కూచుని, మర్నాడు లేవడానికి ఒప్పుకోని పిల్లల్ని నేను చూసినాను.

తర్వాత కాగితం కప్పులొచ్చినాయి. హోటలాయనకి కడిగే పని తప్పింది, కులం అడిగే పనీ తప్పింది. అందరికీ ఒకే కప్పు, తాగి పారేయడమే. దీన్ని అభివృద్ధి అనాలా? అనొచ్చు. యెవరూ యెవరినీ కలుపుకోలేదు, కలిపి తాగాల్సిన పాత్రే లేకుండా పోయిందంతే అనీ అనొచ్చు. నేను రెండోవైపే మొగ్గుతాను. యెందుకంటే పండుకునే చోటికి కాగితం కప్పులాంటిది యింకా పుట్టలేదు. ఫీల్డువర్కుకి పోయినప్పుడు ఒక టౌనులో లాడ్జి కుర్రోడు ఆధార్ కార్డు చూసి, "యింటిపేరు ఒకటే వుంది, మీరేమిట్లు సార్?" అని అడిగినాడు. చెప్పినాను. రూములు ఖాళీ లేవన్నాడు. అతని యెనక బోర్డుకి వరసగా తాళాలు వేలాడుతున్నాయి. సుగ్గికి గుంటూరు మిరపతోటలకి పోయే మా జనం లాడ్జీల దాకా పోనే పోరు, పరదాలు కట్టుకుని చేన్లో పండుకుంటారు.

యిప్పుడు దేశమంతా హెరిటేజ్ హోటళ్లు అంటున్నారు. కోటలూ గడీలూ హోటళ్లవుతున్నాయి, వాటివాళ్లకి 1990 నుంచి అఖిలభారత సంఘముంది, యేటేటా సమావేశాలున్నాయి. మన హైదరాబాదు ఫలక్‌నుమా 2010లో హోటలైంది. కేంద్ర పర్యాటక శాఖ లెక్కలో హెరిటేజ్ హోటలు కావాలంటే ఆ కట్టడం 1950కి ముందుది కావాలి. 1950లోనే రాజ్యాంగం అమల్లోకొచ్చి హోటలు గుమ్మం మా పేరుతో తెరుచుకుంది. అంటే మమ్మల్ని చట్టబద్ధంగానే బయట నిలబెట్టగలిగిన కాలపు గోడలకే వారసత్వ హోదా. యెవరో కావాలని పెట్టిన తేదీ అని నేననను.

సావనీరు అచ్చయినంక ఆ యెనభై దాటిన పెద్దమనిషిని మళ్లీ కలిసినాను. రెండో పేజీ వద్దన్నది ఆయన కాదంట. "నాకైతే అభ్యంతరం లేదప్పా" అన్నాడు. కాసేపాగి, పాత గ్లాసులు దొడ్లో గోనెసంచిలో చానా కాలం వుండినాయనీ, కొడుకు యిల్లు కట్టేటప్పుడు పాతసామాన్లోడికి తూకానికి వేసినాడనీ చెప్పినాడు. అల్యూమినియం గ్లాసులంట, అడుగున సున్నంతో గుర్తుపెట్టినవి.

ఆ మాట మా నాయనకి చెప్పినాను. గుర్తు యెందుకని అడిగినాను. "లోపలి గ్లాసుల్లో కలిసిపోకుండా" అన్నాడు. అని, కొంచెం ఆలోచించి, "మేం పోయేచోట అడుగున కాదు, పిడి దగ్గర తీగ చుట్టినారు. చీకట్లో చేతికి తెలియాల కదా" అన్నాడు.